తాళం తీసినట్టు ఆగిపోయే ఇంజిను: ఒక పాత పెట్రోలు కారు కేసు

ఈ కారు నా దగ్గరకు వచ్చేసరికి డిక్కీలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో పాత ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, నాలుగు స్పార్క్ ప్లగ్గులు, ఒక ఇగ్నిషన్ కాయిలు, ఇంజిను తిరుగుడును దాని కంప్యూటర్‌కు చెప్పే ఒక క్రాంక్ సెన్సర్ ఉన్నాయి. అంతకు ముందు ఐదు నెలల్లో రెండు షెడ్డుల్లో వీటిని మార్చి, పాతవి చేతికి ఇచ్చారు. మార్చిన ప్రతిసారీ కారు వారమో పది రోజులో బాగా నడిచింది, తర్వాత మళ్లీ నడిరోడ్డు మీద ఆగింది. ఒకసారి వెనకాల లారీ ఉండగా మధ్య వరుసలోనే ఆగిందట. ఆ రోజు నుంచి యజమాని కూతురు కారు తాళం ముట్టుకోవడం మానేసింది.

కారు 2003లో తయారైంది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిను, మల్టీపాయింట్ ఇంజెక్షన్, చేతి గేర్లు. మీటరు మీద లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు దాటాయి. స్కానర్ పెడితే ఇంజిను కంప్యూటర్ రాసుకున్న లోపం కోడ్ ఒక్కటి కూడా లేదు. కారు నడుస్తుండగా డాష్‌బోర్డులో ఇంజిను దీపం ఏనాడూ వెలగలేదని యజమాని చెప్పారు.

బానెట్ ఎత్తే ముందు అరగంట మాటలకే కేటాయించాను. ఉండి ఉండి ఆగే జబ్బులో ఆ అరగంట చాలా విలువైనది. కారు నా ముందు నిలబడినప్పుడు అంతా బాగానే ఉంటుంది, చెడినప్పటి సాక్ష్యమంతా నడిపిన మనిషి దగ్గరే ఉంటుంది. అందుకే అమ్మాయిని అడిగాను: "అమ్మా, ఆగే ముందు ఇంజిను దగ్గిందా, కుదుపు వచ్చిందా, లేక ఒక్కసారిగా ఆగిందా?"

"రెండూ జరిగాయండీ. కొన్నిసార్లు వణికి వణికి ఆగుతుంది. కొన్నిసార్లు మాత్రం ఎవరో తాళం తీసేసినట్టు ఆగిపోతుంది."

అంత స్పష్టంగా చెప్పేవారు అరుదు. ఇంధనం తగ్గినా, గాలి లెక్క తప్పినా ఇంజిను సాధారణంగా పోరాడి ఆగుతుంది: కుదుపు, దగ్గు, వణుకు. నిప్పురవ్వ పోయినా, ఇంజిను కంప్యూటర్‌కు కరెంటు పోయినా, క్రాంక్ సెన్సర్ మూగబోయినా తాళం తీసినట్టే ఆగుతుంది. ఇది రాతి మీద గీత కాదు. పంపు వైరు ఉన్నట్టుండి తెగినా, ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో మిగిలిన ప్రెషర్‌తో ఒకటి రెండు సెకన్లు లాగి ఆగుతుంది, పక్కన కూర్చున్నవారికి అది కూడా హఠాత్తుగానే అనిపిస్తుంది. అయినా రెండు రకాలుగా ఆగుతోందంటే రెండు జబ్బులు ఉండవచ్చన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది.

అమ్మాయి తన ఫోనులో ప్రతి ఘటనా రాసుకుంది. తొమ్మిది సార్లు ఆగింది. తేదీ, సమయం, ఎంతసేపు నడిచాక, ఏ వేగంలో, మళ్లీ ఎంతసేపటికి స్టార్టయింది అన్నీ ఉన్నాయి. వాటిని కాగితం మీద రెండు వరుసలుగా విడగొట్టాను. మూడు ఘటనలు పొద్దున, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, సిగ్నల్ దగ్గర ఏసీ వేసి నిలబడినప్పుడు జరిగాయి. మూడింటిలోనూ వెంటనే స్టార్టయింది. మిగతా ఆరూ మధ్యాహ్నం పన్నెండుకూ నాలుగుకూ మధ్య, కనీసం పాతిక నిమిషాలు నడిచాక, వేగంలో ఉండగా జరిగాయి. ఆ ఆరింటిలో సెల్ఫు గట్టిగా తిరిగింది గానీ ఇంజిను అందుకోలేదు. పదిహేను ఇరవై నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టయింది.

ఇంకో మాట కూడా చెప్పింది. మామూలుగా తాళం తిప్పగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు పంపు శబ్దం వినిపిస్తుంది, ఆగినప్పుడు మాత్రం అది వినిపించదు. మొదటి చోట పంపు ఎందుకు మార్చారో దాంతో అర్థమైంది. వాళ్లను తప్పు పట్టలేను. శబ్దం లేకపోతే పంపును అనుమానించడం సహజం. కానీ ఆ రెండు సెకన్లు పంపు నడవాలని చెప్పేది ఇంజిను కంప్యూటర్. పంపు మూగబోయిందంటే పంపే పోయి ఉండవచ్చు, లేదా దానికి ఆజ్ఞ ఇచ్చేదే నిద్రలో ఉండవచ్చు.

పొద్దుటి జబ్బు తేలిగ్గానే దొరికింది. ఇంజినులోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో రెక్క అంచు చుట్టూ నల్లటి మసి పేరుకుంది, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డుకు వెళ్లే ఒక సన్నని వ్యాక్యూమ్ గొట్టం మెలిక దగ్గర పగిలింది. మసి తుడిచి, గొట్టం మార్చి, ఐడిల్ (నిలబడినప్పటి ఇంజిను వేగం) కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాక 800 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా నిలిచింది, ఏసీ వేసినా కుంగలేదు. రెండో చోట కూడా థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారట. దాంతో పొద్దుటి ఆగడం కొన్నాళ్లు తగ్గింది, కారు బాగైందనుకున్నారు. ఒకే ఫిర్యాదులో రెండు జబ్బులు కలిసి ఉంటే జరిగేది ఇదే. ఒకటి తగ్గగానే రెండోది దాని చాటున దాక్కుంటుంది.

ఇక మధ్యాహ్నపు జబ్బు. వేడెక్కాక ఆగడం, చల్లారాక స్టార్టవడం, ఆగిన క్షణంలో ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిపోవడం. ఈ మూడూ కలిస్తే నా వృత్తిలో ఎవరైనా క్రాంక్ సెన్సర్ పేరే ముందు చెబుతారు. ఈ కారులో ఉన్నది తీగ చుట్టిన అయస్కాంత రకం. వేడికి లోపలి తీగ వ్యాకోచించి ఎక్కడో తెగుతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. అయితే సెన్సర్ అప్పటికే కొత్తది. కొత్తది కాబట్టి బాగుందని నమ్మడమూ తప్పే, చవకరకం వేశారని ఊహించి మళ్లీ మార్చడమూ తప్పే. కొలవాలి.

చల్లగా, 25 డిగ్రీల దగ్గర 870 ఓములు చూపింది. విప్పి, వేడిగాలితో నెమ్మదిగా 95 డిగ్రీల వరకు తీసుకెళ్లి ఒక్కో మెట్టులో రీడింగు రాసుకున్నాను. ముల్లు ఎక్కడా ఎగరలేదు, 1,100 దగ్గర ఆగింది. రాగి తీగ నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. డెబ్బై డిగ్రీల తేడాకు 870 అంతకే చేరాలి. అంటే తీగ ఆరోగ్యంగా ఉంది, ఆ పెరుగుదల రాగి సహజ గుణం. ఈ లెక్క తెలియక, వేడిలో ఓములు పెరిగాయని మంచి సెన్సర్లను పారేయడం చాలాసార్లు చూశాను. బిగించి, సిగ్నల్‌ను తెర మీద అలలుగా చూపే ఆసిలోస్కోప్ పెట్టాను. ఈ ఇంజిను చక్రానికి అరవై పళ్ల స్థానాలుంటాయి, వాటిలో రెండు ఖాళీ. 800 ఆర్‌పీఎంలో సెకనుకు దాదాపు 773 అలలు రావాలి. వచ్చాయి. ఖాళీ దగ్గర తప్ప ఎక్కడా ఒక్క అల తప్పలేదు. వైర్ల కట్టను ఇటూ అటూ వంచి చూసినా తేడా లేదు.

ఇంధన ప్రెషర్ 3 బార్ల దగ్గర ఉంది, ఇంజిను ఆపాక కూడా నిలిచింది. ఇంజినుకూ బాడీకీ మధ్య ఎర్తు వైరులో సెల్ఫు తిరుగుతుండగా 0.08 వోల్టుల తగ్గుదల, చింతించాల్సింది కాదు. ట్యాంకు మూత తెరిచినప్పుడు గాలి పీల్చుకున్న చప్పుడు లేదు, అంటే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోలేదు.

ఇక నిలబెట్టి చేసే పరీక్షలు అయిపోయాయి. ఇలాంటప్పుడు ఏదో ఒకటి మార్చి పంపేయాలన్న ఒత్తిడి వస్తుంది. యజమాని ఎదురుచూస్తుంటారు, షెడ్డులో చోటు తక్కువ, కారు చూస్తే బాగానే నడుస్తోంది. నేను వారితో సూటిగా చెప్పాను: "సార్, ఇది ఆగేటప్పుడు నేను అక్కడ ఉండాలి. అంతవరకు ఒక్క భాగం కూడా మార్చను." ఆయన కాసేపు ఆలోచించి, "ఎన్ని రోజులైనా ఉంచుకో బాబూ. అమ్మాయి భయం పోవాలి" అన్నారు.

నాలుగు చానళ్ల రికార్డరు కట్టాను. ఆగే క్షణంలో ఏది ముందు పోతుందో తెలియాలి, ఏది వెనకాల పోతుందో కూడా తెలియాలి. అందుకని మొదటిది క్రాంక్ సెన్సర్ సిగ్నల్ మీద, రెండోది మెయిన్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) నుంచి కంప్యూటర్‌కు వెళ్లే కరెంటు వైరు మీద, మూడోది ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే వైరు మీద పెట్టాను. నాలుగోది పంపు వైరు చుట్టూ క్లాంపు, పంపు ఎంత కరెంటు లాగుతోందో చూడటానికి. సూదులన్నీ కనెక్టరు వెనక నుంచే దూర్చాను. ముందు వైపు నుంచి టెర్మినల్‌లోకి లావు పిన్ను దూర్చడం నేను ఒప్పుకోని పని. ఎందుకో ఈ కేసే తర్వాత చూపించింది.

మొదటి రోజు రెండు గంటలు నడిపాం, ఆగలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు అమ్మాయి రాసిన చీటీలు మళ్లీ చదివాను. ఆరింటిలో ఐదు, ఎండలో కారు నిలిపి మళ్లీ బయల్దేరిన ప్రయాణాలే. నేను నడిపినవన్నీ నీడలో ఉన్న షెడ్డు నుంచి తీసినవి. ఆ మధ్యాహ్నం అద్దాలన్నీ మూసి కారును గంటసేపు ఎండలో ఉంచి, అప్పుడు బయల్దేరాను. పక్క సీటులో మా కుర్రవాడు రికార్డింగు చూసే ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగో నిమిషంలో, నాలుగో గేరులో యాభై వేగంతో వెళుతుండగా, ఇంజిను ఆగింది. దగ్గు లేదు, కుదుపు లేదు. అమ్మాయి చెప్పినట్టే, తాళం తీసినట్టు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో నడిపేవారందరికీ చెప్పాలి. ఇంజిను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, కానీ తిరుగుతుంది. బ్రేకు బూస్టరులో ఒకటి రెండు నొక్కుళ్లకు సరిపడా శూన్యం మిగిలే ఉంటుంది, దాన్ని పదే పదే నొక్కి వృథా చేయకూడదు, ఒకే పట్టుగా నొక్కాలి. కారు పూర్తిగా నిలిచే వరకు తాళం బయటికి తీయకూడదు, స్టీరింగు లాకు పడుతుంది.

పక్కకు తీసి రికార్డింగు చూశాను. పోయిన క్షణం తెర మీద నాలుగు గీతల్లో ఉంది. క్రాంక్ సిగ్నల్ ఆగలేదు! చక్రాలు ఇంకా ఇంజినును తిప్పుతున్నాయి, అలలు క్రమంగా వెడల్పవుతూ, ఎత్తు తగ్గుతూ చివరిదాకా ఉన్నాయి. ఇగ్నిషన్ స్విచ్ గీత కదలకుండా ఉంది. కంప్యూటర్‌కు వెళ్లే గీత మాత్రం రెండు మూడు సార్లు తటపటాయించి, కొన్ని మిల్లీసెకన్లలో సున్నాకు పడింది. పంపు కరెంటు ఆ తర్వాతే పోయింది. అంటే సెన్సర్, పంపు, ఇగ్నిషన్ స్విచ్ మూడూ నిర్దోషులు. ఇంజిను కంప్యూటరే కరెంటు లేక ఆరిపోతోంది.

కోడ్ ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది. క్రాంక్ సెన్సర్ పోతే చాలా కార్లలో పి0335 లాంటి కోడ్ పడే అవకాశం ఉంది, ఎందుకంటే రాసుకునే కంప్యూటర్ మేల్కొని ఉంటుంది. ఇక్కడ రాయాల్సినదే ముందు పోయింది.

అప్పుడే నాకు ఒక ఫోటో గుర్తొచ్చింది. మొదటి రోజే అమ్మాయి చూపించింది. కారు ఆగి, తాళం ఆన్‌లోనే ఉండగా డాష్‌బోర్డును ఫోనుతో తీసింది. ఇంజిను వేడెక్కిందేమోనని నేను అందులో ఉష్ణోగ్రత ముల్లు మాత్రమే చూసి వదిలేశాను. మళ్లీ తెరిచి చూశాను. ఆయిల్ దీపం వెలుగుతోంది, బ్యాటరీ దీపం వెలుగుతోంది. ఇంజిను దీపం మాత్రం చీకటిగా ఉంది. ఈ కారులో ఆ దీపాన్ని వెలిగించేది ఇంజిను కంప్యూటరే. తాళం ఆన్‌లో ఉండి, ఇంజిను తిరగకుండా ఉన్నప్పుడు అది తప్పకుండా వెలగాలి. వెలగలేదంటే కంప్యూటర్‌కు ప్రాణం లేదు. మూడు రోజుల తర్వాత రికార్డరు చెప్పిన సంగతిని ఆ ఫోటో మొదటి రోజే చెప్పింది. ఇప్పుడు ఎవరైనా ఆగిన కారు గురించి ఫోను చేస్తే నేను మొదట అడిగేది అదే: తాళం ఆన్‌లో పెట్టండి, ఇంజిను దీపం వెలుగుతోందా, పంపు శబ్దం వస్తోందా.

కారు ఇంకా వేడిగానే ఉంది, చల్లారేలోపు పదిహేను నిమిషాలే సమయం. డాష్‌బోర్డు కింద ఫ్యూజు బాక్సు తెరిచాను. రిలేను ముట్టుకోలేదు, లాగి పెడితే అంటుకుంటుంది, సాక్ష్యం పోతుంది. వెనక వైర్ల మీదే కొలిచాను. రిలేలోకి కరెంటు వచ్చే 30వ పిన్నుకు 12.4 వోల్టులు వస్తున్నాయి. రిలే లోపలి స్విచ్‌ను లాగే కాయిలు రెండు కొసలైన 85, 86 పిన్నుల మధ్య 12.3 ఉన్నాయి, అంటే రిలేకు పని చెయ్యమన్న ఆజ్ఞ అందుతోంది. కంప్యూటర్‌కు కరెంటు పంపే 87లో సున్నా. తాళం తిప్పినా, తీసినా రిలే టిక్కుమనడం లేదు. ఆజ్ఞ అందినా కదలడం లేదంటే లోపల కాయిలు దారి తెగింది.

ఇక్కడ కొత్త రిలే పెట్టి పంపేస్తే కారు నడిచేది. కొన్ని నెలల పాటు. అయితే రికార్డింగులో ఇంకొకటి కనిపించింది: ఆగకముందు, అంతా బాగున్నప్పుడు కూడా, ఇగ్నిషన్ గీత 14.1 వోల్టుల దగ్గర ఉంటే కంప్యూటర్ గీత 13.2 దగ్గర ఉంది. ఆ 0.9 వోల్టులు ఎక్కడ పోతున్నాయి? చల్లారాక ఇంజిను స్టార్టు చేసి, రిలేను కదపకుండానే 30కీ 87కీ మధ్య కొలిచాను. అవే 0.9 వోల్టులు. బాగున్న రిలే, సాకెట్ కలిపి 0.2కు మించకూడదు. క్లాంపు పెడితే ఆ దారిలో 10.5 ఆంపియర్లు పోతున్నాయి. రెండూ గుణిస్తే సుమారు తొమ్మిదిన్నర వాట్లు. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 15 వాట్లది. దానిలో సగానికి మించిన వేడి అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బా చుట్టూ, గాలి ఆడని డాష్‌బోర్డు కింద, ఎండలో కాగిన కారులో పుడుతోంది.

రిలే లాగాను. నాలుగు పిన్నుల్లో మూడు తళతళలాడుతున్నాయి, 30వది నీలం కలిసిన గోధుమ రంగుకు మారింది. సాకెట్‌లో దాని టెర్మినల్ పట్టు పూర్తిగా సడలింది. కొత్త పిన్ను ఒకటి దూర్చి చూస్తే మిగతా మూడు రంధ్రాలు గట్టిగా పట్టుకున్నాయి, ఇందులో మాత్రం పిన్ను తన బరువుకే జారిపోయింది. లోహపు పెదవుల మీద, రిలే పిన్ను చేయని గుండ్రటి నొక్కు ఉంది. ఎప్పుడో, ఎవరో కరెంటు ఉందా లేదా చూడటానికి అందులోకి లావు ప్రోబు దూర్చారు. పెదవులు తెరుచుకున్నాయి, పట్టు తగ్గింది. పట్టు తగ్గిన చోట నిరోధం పెరుగుతుంది, నిరోధం వేడి పుట్టిస్తుంది, వేడికి లోహం స్ప్రింగు గుణం ఇంకా పోతుంది. అది ఏళ్ల తరబడి సాగింది.

రిలే మూత తీసి భూతద్దం కింద పెట్టాను. కాయిలు పిన్నుల్లో ఒకటి బోర్డును కలిసే చోట, టంకం చుట్టూ వెంట్రుక మందాన గుండ్రటి పగులు. పిన్నును గోటితో నొక్కితే ఆ వలయం తెరుచుకుని మూసుకోవడం కంటికి కనిపించింది. కాయిలు మీద ఓమ్ మీటరు పెట్టి వేడిగాలి తగిలించాను. 86 ఓముల దగ్గర మొదలై నెమ్మదిగా పెరిగి, ఉన్నట్టుండి దారి తెగిపోయింది. వదిలేస్తే నిమిషాల్లో మళ్లీ కలిసింది.

ఆ టెర్మినల్‌ను సాకెట్ నుంచి విడదీసి, కాలిన వైరు కొసను మంచి రాగి కనిపించే దాకా కత్తిరించి, అదే మందం వైరుకు కొత్త టెర్మినల్ బిగించాను. పాత పెదవులను పట్టుకారుతో నొక్కి సరిపెట్టవచ్చు, చాలామంది చేస్తారు. వేడికి మెత్తబడిన లోహం ఆ నొక్కును నిలుపుకోదు, అందుకే నేను చేయను. కొత్త రిలే పెట్టాక 30కీ 87కీ మధ్య 0.08 వోల్టులు వచ్చాయి.

తర్వాత, అసలు జబ్బు దొరికిందని నాకు నేను రుజువు చేసుకోవాలి. బాగు చేసిన సాకెట్‌లోనే పాత రిలే పెట్టి, ఇంజిను నడుస్తుండగా దానికి వేడిగాలి పట్టించాను. నాలుగు నిమిషాల్లో ఇంజిను అలాగే ఆగింది, దీపం అలాగే వెలగలేదు, పంపు అలాగే మూగబోయింది. కొత్త రిలేకు అదే వేడి పావుగంట పట్టించినా ఇంజిను ఆగలేదు. తర్వాత మూడు మధ్యాహ్నాలు ఎండలో నిలిపి, గంటన్నర చొప్పున నడిపాను.

స్కానర్‌లో మొదటి రోజే దొరకగలిగిన ఆధారం ఒకటుంది, అది నేను చూడలేదు. దాదాపు ప్రతి స్కానర్ తన డేటాలో కంప్యూటర్‌కు అందుతున్న వోల్టేజి చూపిస్తుంది. బ్యాటరీ మీద మీటరు పెట్టి ఆ రెండు అంకెలను పక్కపక్కన చూస్తే దాదాపు ఒక వోల్టు తేడా అప్పుడే బయటపడేది. నిమిషం పని. ఇప్పుడు ఇరవై ఏళ్ల కారు ఏది వచ్చినా, ఫిర్యాదు ఏదైనా, హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను వేసి ఆ పోలిక ముందు చేస్తున్నాను.

కారు తీసుకెళ్లడానికి తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. అమ్మాయికి పగిలిన టంకాన్ని భూతద్దంలో చూపించాను, రికార్డింగులో ఆ నాలుగు గీతలూ చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "అంటే నేను ఏమీ తప్పు చేయలేదన్నమాట" అంది. తాళం ఆమే తీసుకుంది.

డిక్కీలోని అట్టపెట్టె ఏం చేయమంటారని ఆయన అడిగారు. పాత క్రాంక్ సెన్సర్ తీసి అలాగే వేడి చేసి కొలిచాను. చల్లగా 880, వేడిలో 1,115. అదీ బాగానే ఉంది. పంపును బ్యాటరీకి తగిలిస్తే హాయిగా తిరిగింది. సెన్సర్‌ను గుడ్డలో చుట్టి, ఎప్పుడైనా అవసరపడుతుందని డిక్కీలోనే ఉంచమన్నాను.